తోట పనిలో ఎదురయ్యే చిన్న సంతోషాలు: ఈ వారం మీకేం కనిపించింది?

పచ్చకత్తెర | హైదరాబాద్ | జూన్ 12, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. గచ్చిబౌలి వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో తోట పని చూస్తాను. ఇక్కడ మనం ఎప్పుడూ తెగుళ్ళు, ఎరువుల ధరలు, జీతాల గురించే మాట్లాడుకుంటాం. అవి కావలసినవే. కానీ రోజంతా మొక్కల మధ్య తిరిగే మనకు మాత్రమే కనబడేవి కొన్ని ఉంటాయి కదా, వాటికోసం ఒక చోటు ఉంటే బాగుంటుందని ఈ చర్చ మొదలుపెడుతున్నా.

ముందు నాది. సోమవారం అకాలిఫా కంచెను ఎత్తు తగ్గిస్తున్నా. కత్తెర పెట్టబోతుంటే ఒక చిన్న పిట్ట అరుస్తూ నా ముఖం ముందుకి వచ్చింది. తల మీద ఇటుక రంగు, వీపు ఆకుపచ్చ, తోక నిటారుగా. దర్జీ పిట్ట. ఆకులు మెల్లగా పక్కకు జరిపి చూస్తే రెండు పెద్ద ఆకుల అంచులు కలిపి కుట్టేసి ఉన్నాయి, లోపల దూది, పీచు. అంచు పొడవునా ముక్కుతో చిన్న చిన్న రంధ్రాలు పొడిచి, వాటిలోంచి సాలెగూటి దారం, దూది పోగులు లాగింది. బయటికి వచ్చిన పోగు కాస్త విచ్చుకుని ఉబ్బుతుంది, అందుకని వెనక్కి జారదు. ముడి వేయాల్సిన పనే లేదు. ఆకులు కోయలేదు కాబట్టి ఇంకా పచ్చగానే ఉన్నాయి. అందుకే అక్కడ గూడు ఉందని పక్క నుంచి చూసినా తెలియదు.

అటూ ఇటూ ఒక గజం వదిలేసి మిగతా కంచె కత్తిరించాను. కొమ్మకి ఎర్ర రిబ్బన్ కట్టాను, ఇంకో షిఫ్టు వాళ్ళు పొరపాటున కోసేయకుండా.

మీరూ రాయండి. పెద్దవి అక్కర్లేదు, పనిలో ఉండగా కనబడినవి చాలు.


అంటుకత్తి | కడియం | జూన్ 12, రాత్రి 9:25

మంచి మాట ఎత్తారండి. మాకు ఇది గాలి అంట్లు కట్టే కాలం. దానిమ్మకి, జామకి, నిమ్మకి కడుతున్నామండి. పెన్సిల్ మందం ఉన్న కొమ్మ చూసుకుని, అంగుళం మేర చుట్టూ తొక్క ఒలిచి, తడి నాచు పెట్టి, పైన తెల్ల పాలిథీన్ చుట్టి రెండు కొసలూ గట్టిగా కట్టేస్తాం. పైనుంచి ఆకులు పంపే ఆహారం ఆ గాటు దాటి కిందికి పోలేక అక్కడే ఆగుతుంది. కిందనుంచి నీళ్ళు మాత్రం లోపలి చెక్కలోంచి ఎక్కుతూనే ఉంటాయి. దాంతో గాటు పై అంచున వేరు పుడుతుందండి.

తెల్ల కవరే ఎందుకు కడతాం అంటే అందులో వేరు కనబడుతుంది. నెల, నెలన్నర తరవాత ఓ పొద్దున్న వరస చూసుకుంటూ వెళ్తుంటే ఒక కవర్లో లోపల తెల్లటి పోగు ఒకటి అంటుకుని కనిపిస్తుంది. అంతే, చెట్టు మీద ఉండగానే కొమ్మ ఇంకో చెట్టయిపోయింది. నేను చిన్నప్పట్నుంచీ ఇదే పని చేస్తున్నాను. ఆ మొదటి వేరు కనబడిన రోజు ఇప్పటికీ పక్క వాణ్ణి పిలిచి చూపిస్తానండి.

ఇంకోటి. నాటు నిమ్మ గింజలు పోసిన మడిలో ఒక్కో గింజకి రెండు మూడు మొలకలు లేస్తాయి. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు రెండు గింజలు పడ్డాయేమో అనుకుంటారు. కాదు, ఒకే గింజ. వాటిలో ఒకటి పుప్పొడి కలిసి పుట్టింది కావచ్చు, మిగతావి తల్లి కణాల నుంచే వచ్చినవి. అంటే అచ్చం తల్లే. నర్సరీలో ఏపుగా ఒకే తీరుగా ఉన్న మొలకలు ఉంచి, పీలగా తేడాగా ఉన్నవి పీకేస్తాం. అలా చేస్తే అంటు కట్టకుండానే తల్లి గుణం వస్తుందండి.


మల్లెపందిరి | విజయవాడ | జూన్ 12, రాత్రి 10:05

పచ్చకత్తెర గారూ, గజం కంచె వదిలేసినందుకు మీకు నా దండం.

నేను జీతానికి చేసేదాన్ని కాదు. మిద్దె మీద మొదలుపెట్టి, ఇప్పుడు మా వీధిలో నాలుగిళ్ళ మిద్దెతోటలు నేనే చూస్తున్నాను. నాకొక సందేహం, అది సంతోషమో దిగులో మీరే చెప్పాలి. గులాబీ ఆకుల అంచున ఎవరో కత్తెరతో కోసినట్టు నున్నగా అర్ధచంద్రాకారంలో ముక్కలు పోతున్నాయి. పురుగు కనబడదు, రెట్ట కనబడదు. ఆ ఇంటి అమ్మగారికి ఒకటే టెన్షన్, మందు కొట్టమంటున్నారు.


పార్కుమాలి | ఖమ్మం | జూన్ 13, ఉదయం 5:50

మల్లెపందిరి అక్కా, వేపనూనె కొట్టి చూడు. లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి. ఆకులు తినే పురుగైతే ఆగుతుంది.

నా వంతు: నిన్న సాయంత్రం వాన దంచింది. పొద్దున్నే పార్కు గేటు తీసేసరికి నడక దారి పక్కన గడ్డిలో ఆరుద్ర పురుగులు! ఆరుద్ర కార్తెకి ఇంకా వారం ఉంది, ముందే వచ్చేశాయి. ఎర్ర ముఖమల్ గుడ్డ ముక్కలు మట్టి మీద పాకుతున్నట్టు. వాకింగ్‌కు వచ్చే పెద్దాయనలంతా చెప్పులు పక్కన పెట్టి వంగి చూస్తున్నారు. ఒకాయన అరచేతిలో పెట్టుకుని మనవడికి వీడియో కాల్‌లో చూపిస్తుంటే ఆ పిల్లాడు అది బొమ్మ అంటాడు, నిజమంటే నమ్మడు.

ఎనిమిది కాళ్ళుంటాయి, కాబట్టి నిజానికి ఇది సాలీడు వైపు చుట్టం. ఏడాదంతా నేల లోపలే ఉండి తొలి వానలకి బయటికి వస్తుంది. చెదలనీ, పురుగుల గుడ్లనీ తింటుంది. మొక్కకి ఏ హానీ చేయదు. ఇవి కనబడిన రోజు నేను ఆ గడ్డి మీద మెషిన్ నడపను. వారం ఆగుతాను.


పాత ఉద్యానం | అనంతపురం | జూన్ 13, ఉదయం 7:15

ఉద్యాన శాఖలో పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి.

మల్లెపందిరి గారూ, మందు ఏదీ కొట్టకండి, వేపనూనె కూడా. అది పురుగు కాదు, ఆకు కోసే తేనెటీగ. తేనెపట్టు పెట్టదు, ఒంటరిగా బతుకుతుంది. ఆకు తినదు. కోసిన ముక్కను కాళ్ళ మధ్య పట్టుకుని ఎగిరిపోయి, గోడ కన్నంలోనో, పాత పైపులోనో, ఎండు వెదురు బొంగులోనో పొరలు పొరలుగా చుట్టి గది కడుతుంది. ఆ గదిలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, దాని మీద ఒక్క గుడ్డు పెట్టి, గుండ్రంగా కోసిన ఇంకో ఆకు ముక్కతో మూత వేస్తుంది. మళ్ళీ దాని పైన ఇంకో గది. గులాబీకి అందం కాస్త తగ్గుతుందేమో గానీ బలం తగ్గదు. మీ మిద్దె మీద వంగ, బీర, చిక్కుడు ఉంటే ఆ ఈగ రాక మీకు లాభమే. మనుషుల్ని కుట్టడం చాలా అరుదు.

ఎండ బాగా వచ్చాక గులాబీ దగ్గర కాసేపు నిలబడండి. ఒక్క ముక్క కోయడానికి దానికి కొన్ని క్షణాలు చాలు, చూసి తీరాల్సిన పని.


మల్లెపందిరి | విజయవాడ | జూన్ 13, మధ్యాహ్నం 2:30

సార్! దొరికింది. మిద్దె మీద పాత కుళాయి పైపు ముక్క ఒకటి గోడకి ఆనించి ఉంది. దాని నోట్లోకి పచ్చ ముక్క పట్టుకుని దూరడం నా కళ్ళతో చూశాను. ఇంటావిడని కూడా పైకి పిలిచాను. ఎండలో ఇద్దరం కొంగు కప్పుకుని చూస్తూనే ఉన్నాం. మందు మాట ఆవిడే మానేశారు. ఆ పైపు ముక్క ఎవరూ కదపకూడదని పనిమనిషికి కూడా చెప్పారు.


పార్కుమాలి | ఖమ్మం | జూన్ 13, సాయంత్రం 6:10

మంచిది సార్, నాకూ కొత్త విషయమే తెలిసింది. పార్కులో బోగన్‌విలియా ఆకులకీ ఇవే గాట్లు ఉన్నాయి, ఇప్పుడర్థమైంది.


నారుమడి | మదనపల్లె | జూన్ 13, రాత్రి 8:20

మా అమ్మ చెప్తుంటే నేను టైప్ చేస్తున్నా. అమ్మ నర్సరీలో కూలికి పోతుంది. కలుపు తీయడం, కవర్లకి మట్టి నింపడం, విత్తనం కట్టడం.

అమ్మ మాట: "కనకాంబరం వరసల్లో విత్తనానికి వదిలిన మొక్కలుంటాయి. వెన్ను ఎండి గోధుమ రంగుకి వస్తుంది. దానికి తడి తగిలితే చాలు, కాయ టప్పున పగిలి గింజ అంత దూరం పోతుంది. మధ్యాహ్నం నీళ్ళు చల్లి పక్క మడికి పోతానా, వెనకనుంచి టప్, టప్ అని మొదలవుతుంది. గింజ వచ్చి చెంపకు తగులుతుంది. కొత్త పిల్లలు పనికి వచ్చినప్పుడు వాళ్ళకి చెప్పకుండా నీళ్ళు చల్లుతాం. ఉలిక్కిపడి నవ్వుతారు. ఆ మధ్యాహ్నం ఎవరికీ అలుపు తెలియదు. విత్తనం కావాలంటే మాత్రం వెన్ను ఎండేటప్పుడే కోసి, పల్చటి గుడ్డ కప్పి పెట్టాల, లేకుంటే పొద్దున మంచుకే అంతా పోతుంది."

పొలం గట్ల మీద ఊదారంగు పూల చిటపటకాయ మొక్క కూడా ఇట్లాగే చేస్తుంది. బడి నుంచి వస్తా ఆ ఎండు కాయలు నోట్లో పెట్టుకుని పగలగొట్టుకునేవాళ్ళం, అది నా మాట.


పాత ఉద్యానం | అనంతపురం | జూన్ 13, రాత్రి 9:00

అమ్మగారికి నమస్కారం చెప్పమ్మా. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కాయ ఎండేటప్పుడు గోడల్లో బిగువు పేరుకుంటుంది, తడికి అతుకు మెత్తబడగానే విడిపోతుంది. వాన పడ్డప్పుడే గింజ నేల మీద పడాలని దాని ఏర్పాటు. తడి నేల దొరుకుతుంది కదా.

ఒక్క సంగతి చేరుస్తాను. ఢిల్లీ కనకాంబరం అని నారింజ రంగు పెద్ద పూల రకం ఉంది, దానికి గింజ కట్టదు. క్రోమోజోములు మామూలుగా ఉండే రెండు సెట్లకు బదులు మూడు సెట్లు ఉండడం వల్ల గొడ్డు రకం. కొమ్మ కత్తిరింపులతోనే పెంచాలి. కాబట్టి టప్ టప్ వినబడే వరస అయితే అది ఢిల్లీ రకం కాదని చూడకుండానే చెప్పవచ్చు.


అంటుకత్తి | కడియం | జూన్ 13, రాత్రి 9:40

చెవితో రకం చెప్పడం! ఇది మా నర్సరీలో రేపు అందరికీ చెబుతానండి.


ఎండదెబ్బ | కర్నూలు | జూన్ 14, ఉదయం 6:30

అందరూ బాగా రాస్తున్నారు. కానీ ఒక మాట అనుకోవద్దు. నేను ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద తోట పని చేస్తాను. నెల జీతం సమయానికి రాదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండకి మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుంటే సూపర్‌వైజర్ ఫోటో తీసి పంపుతాడు. ఇలాంటప్పుడు పిట్టలు, పురుగులు అని రాస్తుంటే చదివేవాళ్ళు మన పనంతా హాయి అనుకుంటారేమో అని నా బాధ.


పచ్చకత్తెర | హైదరాబాద్ | జూన్ 14, ఉదయం 7:05

అన్నా, నీ బాధ నిజం. జీతం ఆలస్యం నాకూ తెలుసు. ఎండలో పని వేళల గురించి మనకు వేరే చర్చ నడుస్తోంది, అక్కడ నువ్వు ఇది తప్పక రాయి, నేనూ నీ వెనక రాస్తాను. పని హాయి అని ఇక్కడ ఎవరూ అనడం లేదు. కానీ మన దగ్గర ఉన్నది కష్టం ఒక్కటే అన్నట్టు ఎందుకు మాట్లాడాలి? ఆ కాలేజీలో ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో, ఏ పిట్ట ఎక్కడ గూడు పెట్టిందో నీకు తెలిసినంత ప్రిన్సిపాల్‌కు తెలియదు. అది కూడా నీ పనితనమే. అది నువ్వే చెప్పకపోతే ఎవరు చెప్తారు?


ఎండదెబ్బ | కర్నూలు | జూన్ 14, ఉదయం 7:50

సరే అన్నా. అయితే నాదీ రాసుకో. కాలేజీ గేటు పక్క రాళ్ళ గుట్టలో కిత్తనార ఒకటి ఉంది. నేను చేరకముందు నుంచీ అలాగే ముళ్ళు పెట్టుకుని కూర్చుని ఉండేది, ఎవరూ దాని వంక చూసేవాళ్ళు కాదు. ఈ వేసవిలో నడిమి నుంచి ఒక కాడ లేచింది. పొద్దున చూసిన ఎత్తు సాయంత్రానికి ఉండదు, అంత వేగం. ఇప్పుడు మొదటి అంతస్తు కిటికీని దాటింది. పిల్లలంతా దాని ముందు ఫోటోలు దిగుతున్నారు. ఇది ఏం మొక్క, ఎన్నేళ్ళకి పూస్తుంది అని నన్ను వచ్చి అడుగుతున్నారు. ఇన్నాళ్ళలో లెక్చరర్లు కూడా ఆగి నాతో మాట్లాడింది ఇప్పుడే.


పాత ఉద్యానం | అనంతపురం | జూన్ 14, ఉదయం 9:10

బాబూ, అది ఎన్నో ఏళ్ళు ఆకుల్లో దాచుకున్నదంతా ఆ ఒక్క కాడకే ఖర్చు పెడుతుంది. పూశాక ఆ మొక్క ఎండిపోతుంది. అప్పుడు నీళ్ళు చాలక చచ్చిందని నిన్నెవరైనా అంటారేమో, ముందే చెప్పి ఉంచు. పూలు రాలాక కాడ మీదే చిన్న చిన్న పిల్ల మొక్కలు పుడతాయి, ఆకులతో సహా. రాలినవాటిని ఏరి కవర్లలో పెట్టు. మొక్క మొదలు చుట్టూ పిలకలూ ఉంటాయి. అడిగిన పిల్లలకి తలా ఒకటి ఇవ్వవచ్చు.


బడితోట | శ్రీకాకుళం | జూన్ 14, సాయంత్రం 5:20

మాది ప్రభుత్వ బడి. నేను టీచర్‌ని, తోట పని నాది, పిల్లలదీ. నిన్ననే బడి తెరిచారు. సెలవుల్లో తోటకు నీళ్ళు పోసింది వంట చేసే అమ్మ. తెరిచిన రోజే రెండు విశేషాలు.

ఒకటి మగ బొప్పాయి. నారు పెట్టినప్పుడు ఏది మగదో ఏది ఆడదో తెలియదు కదా, పూత వచ్చాక దీనికి పొడవాటి కాడలకి గుత్తులుగా పూలు వేలాడాయి. మగది కాయదు, కొట్టేద్దామని అందరూ అన్నారు. పుప్పొడికైనా పనికొస్తుందని ఉంచాం. ఇప్పుడు చూస్తే ఆ పొడవాటి కాడల చివర నాలుగు కాయలు వేలాడుతున్నాయి! పిల్లలైతే "సార్, నాన్నకి కాయలు కాశాయి" అని ఊరంతా చెప్పొచ్చారు.

రెండోది కరివేపాకు. దాని మీద పక్షి రెట్ట పడినట్టు నలుపూ తెలుపూ మచ్చలు. ఒక పాప కర్రతో తుడవబోయింది, రెట్ట కదిలింది. నిమ్మ సీతాకోకచిలుక గొంగళి పురుగు. చిన్నప్పుడు ఆ వేషం, పెద్దయ్యాక ఆకుపచ్చ. పక్కన పెద్దది ఒకటి ఉంది. దాన్ని పుల్లతో మెల్లగా తాకితే తల వెనకనుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటపెట్టింది, ఘాటైన వాసన. పక్షుల్నీ, చీమల్నీ తరమడానికి దాని ఆయుధం అది. ఒక రెమ్మ వాటికే వదిలేశాం. పిల్లలు ఇంటర్వెల్‌లో వెళ్ళి చూసి నోట్‌బుక్‌లో బొమ్మ గీస్తున్నారు. గూడు కట్టాక మామూలుగా వారం, పది రోజుల్లో రెక్కలతో వస్తుందని చెప్పాను. ఈ రోజు హాజరు బాగుంది.


పాత ఉద్యానం | అనంతపురం | జూన్ 14, సాయంత్రం 6:00

మాస్టారూ, మగ బొప్పాయికి అప్పుడప్పుడూ రెండూ కలిసిన పూలు పూస్తాయి. వాతావరణం, ముఖ్యంగా వేడిలో మార్పు వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. కాయ తినవచ్చు, కాస్త సన్నగా ఉంటుంది. ఇంటి పెరట్లో ఈ గొడవ వద్దనుకునేవాళ్ళు రెడ్ లేడీ లాంటి రకం వేసుకుంటారు. అందులో మగ చెట్లు రావు, ఆడవి గానీ రెండూ కలిసిన పూలవి గానీ వస్తాయి. కానీ బడికి నాటు రకమే మంచిది. ఇలాంటి పాఠం రెడ్ లేడీ చెప్పదు.


పొగమంచు | బర్మింగ్‌హామ్ | జూన్ 14, రాత్రి 11:30

ఇక్కడ ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ళ ఇళ్ళ తోటలు చూసుకునే పని నాది. మాది తణుకు దగ్గర పల్లె. మీ రాతలు చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడ పనిలో నాకు తోడు ఒక రాబిన్. పిచ్చుకంత ఉంటుంది, ఛాతీ నారింజ రంగు. మట్టిలో తవ్వే ఫోర్క్ గుచ్చిన చప్పుడుకే వచ్చేస్తుంది. తవ్విన మట్టిలో వానపాము కనబడితే నా బూటు పక్కనుంచే లాక్కుపోతుంది. నేను టీ తాగడానికి కూర్చుంటే ఫోర్క్ పిడి మీద వాలి, ఇంక లేవమన్నట్టు చూస్తుంది. 2015లో ఇక్కడి జనం ఓట్లు వేసి దీన్నే తమ జాతీయ పక్షిగా ఎంచుకున్నారు. తోట పని చేసిన వాళ్ళందరూ దీనికే వేసి ఉంటారని నా నమ్మకం. మా ఊళ్ళో దుక్కి దున్నుతుంటే నాగలి వెనక కొంగలు, గోరువంకలు వరసగా నడిచేవి. నాన్న వాటిని ఎప్పుడూ అదిలించేవాడు కాదు.

ఇంకో సంతోషం కంపోస్టు. చలికాలం పొద్దున్నే, చుట్టూ గడ్డి మంచుకి తెల్లబడి ఉంటే, కుప్ప తిరగేయగానే ఆవిరి లేస్తుంది. చేతులు కొంకర్లు పోయినప్పుడు గ్లౌజులు తీసి అక్కడ పెడతాను.


అంటుకత్తి | కడియం | జూన్ 15, ఉదయం 5:30

తణుకంటే మా పక్కేనండి! గోదావరి దాటితే మీరు. ఆవిరి మాకూ వస్తుందండి, ధనుర్మాసంలో పశువుల ఎరువు గుట్ట తవ్వినప్పుడు. ఒక సందేహం. అంత వేడెక్కిన కుప్పలోంచి కూడా టమాటా, గుమ్మడి, బొప్పాయి మొలుస్తాయేమండి? కవర్లలో వేసిన క్రోటన్ల పక్కన పడి మొలిచిన టమాటాలు మాకు ప్రతి ఏడూ ఉంటాయి. పనివాళ్ళు ఆ కవర్లు పక్కకు పెట్టి పెంచుకుంటారు. మధ్యాహ్నం భోజనంలోకి ఆ టమాటాలతోనే పచ్చడి. కొని వేసిన నారు కన్నా ఇవే బాగా కాస్తాయని మా ఆడవాళ్ళు గట్టిగా చెబుతారు.


పాత ఉద్యానం | అనంతపురం | జూన్ 15, ఉదయం 8:00

కుప్ప నడిమిలో 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడి ఉంటుంది, అక్కడ గింజ చస్తుంది. అంచుల్లో అంత వేడి ఉండదు. తిరగేయకుండా వదిలిన కుప్ప అంచు గింజలే మీ పచ్చడి. ఇక బాగా కాయడం అంటారా, ఎరువులో పుట్టి, చోటు మార్చకుండా, వేరు తెగకుండా పెరిగింది కదా. అదృష్టవంతురాలైన మొక్క.


మల్లెపందిరి | విజయవాడ | జూన్ 15, రాత్రి 9:15

ఈ రోజు రాధామనోహరాల పందిరి కింద పని. తీగ ఎక్కించి కడుతుంటే చీకటి పడింది. సాయంత్రం విచ్చినవి తెల్లగా ఉన్నాయి, నిన్నటివి గులాబీ, మొన్నటివి ఎరుపు, అన్నీ ఒకే గుత్తిలో. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. కానీ ఈ రోజు నిచ్చెన మీద ఉండి దగ్గర్నుంచి చూస్తే ఒక పెద్ద రెక్కల పురుగు గాలిలో నిలబడి, పొడవాటి తొండం పెట్టి తెల్ల పూలనే వరసగా తాగుతోంది. ఎర్రవాటి జోలికి పోలేదు. నిచ్చెన దిగబుద్ధి కాలేదు.


పాత ఉద్యానం | అనంతపురం | జూన్ 15, రాత్రి 9:50

అది డేగ చిమ్మట. అమ్మా, మీరు చూసింది ఆ తీగ రహస్యం మొత్తం. ఆ పువ్వు గొట్టం చాలా పొడవు, పొడవు తొండం ఉన్న చిమ్మటే అడుగుదాకా అందుకోగలదు. చీకట్లో కనబడాలి కాబట్టి మొదటి రాత్రి తెలుపు, సువాసన. తెల్లారాక గులాబీకి, ఎరుపుకి తిరిగి కిందికి వాలుతుంది. అప్పుడు పగటి తేనెటీగలు, సీతాకోకచిలుకలు వస్తాయి. ఒకే పువ్వు రాత్రి చుట్టాలకి ఒక రంగు, పగటి చుట్టాలకి ఒక రంగు చూపిస్తుంది.


పార్కుమాలి | ఖమ్మం | జూన్ 16, ఉదయం 6:00

సార్ చెప్తుంటే ఎన్నైనా వినాలనిపిస్తుంది.

వాన వాసన గురించి ఎవరూ రాయలేదు. ఎండిన నేలకి పైపుతో నీళ్ళు పెట్టినా అదే వాసన వస్తుంది కాబట్టి మనకు ఆ సంతోషం రోజూ దొరుకుతుంది, మిగతావాళ్ళు జూన్ దాకా ఆగాలి. మా అబ్బాయి డిగ్రీలో చదివి చెప్పాడు: ఆ వాసన మట్టిలోని ఒక రకం సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ వల్ల. లక్ష కోట్ల భాగాల్లో కొన్ని భాగాలే ఉన్నా మన ముక్కు పసిగడుతుందట. ఎండిన రాయి మీద వాన పడితే వచ్చే పరిమళానికి 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. వాళ్ళకన్నా ముందునుంచే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టి నుంచి ఆ వాసన దింపి అత్తరు చేస్తున్నారు.

ఇంకో మాట. మా జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు మీ అందరికీ తెలుసు. కోటికి పైగా మొక్కలు నాటారు, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన జేబులో ఎప్పుడూ గింజలుండేవి. ఆయన్ని చూసి నేనూ జేబులో గింజలు వేసుకు తిరుగుతాను. ఎక్కడ వేశానో గుర్తుండదు. వానలు పడ్డాక కాలువ గట్టు మీద కానుగ మొలక కనబడితే, ఇది నా జేబుదా, దానంతటదే వచ్చిందా అని ఆలోచిస్తూ పనికి పోతాను. ఆ ఆలోచనతోనే సైకిల్ తేలికగా సాగుతుంది.


నారుమడి | మదనపల్లె | జూన్ 16, రాత్రి 8:45

అమ్మకి పార్కుమాలి బాబాయ్ రాసింది చదివి వినిపించా. అమ్మ పని చేసే చోట రాత్రి కాపలా తాత ఉన్నాడు. కుండీల్లో బ్రహ్మకమలం మొగ్గ పెద్దదైతే సాయంత్రం ఇంటికి పోయే ముందు అమ్మావాళ్ళు చూసి, "తాతా, ఈ రాత్రికే" అని చెప్పి పోతారట. ఆయన రాత్రి టార్చి వేసి చూసి, తన పాత ఫోన్‌లో ఫోటో తీసి పెడతాడు. తెల్లారి వీళ్ళొచ్చేసరికి పువ్వు తలవాల్చి ఉంటుంది. ఎవరు కరెక్ట్‌గా చెప్పారో వాళ్ళకి ఆ రోజు టీ తాత ఖర్చు.

హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం వేరే మొక్క, ఈ కుండీల్లోది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్ జాతి అని స్కూల్లో చెప్పారు. ఆకు అనుకునేది కూడా కాండమేనట. అమ్మకి చెబితే, "ఆకయినా కాండమయినా మట్టిలో గుచ్చితే బతుకుతుంది, అది నాకు తెలుసు" అంది.


పచ్చకత్తెర | హైదరాబాద్ | జూన్ 17, రాత్రి 8:10

మొదట్లో చెప్పిన దర్జీ పిట్ట గూడు సంగతి: గుడ్లు ఉన్నాయి, పొదుగుతోంది. పన్నెండు రోజుల్లో పిల్లలవుతాయి, ఇంకో రెండు వారాలకి ఎగురుతాయి. కంచె ఒక చోట ఎత్తుగా ఉందేమని కమిటీ ఆఫీసు నుంచి అడిగారు. తీసుకెళ్ళి దూరం నుంచి చూపించాను. నెల రోజులు ఆ భాగం ముట్టవద్దని వాళ్ళే నోటీసు బోర్డు మీద రాశారు.

పెద్ద సార్‌కి ఒక ప్రశ్న. మా నేరేడు చెట్టు కింద, పిట్టలు వాలే చోట, ఎవరూ నాటని మొలకలు నాలుగైదు లేచాయి. ఆకులు ఎదురెదురుగా, నున్నగా, కోలగా, కాస్త పలచగా ఉన్నాయి. తుంచితే వాసన ఏమీ లేదు. కానుగ కాదు, నేరేడు కాదు. మా వీధి చివర పాత బంగళాలో శ్రీగంధం చెట్టు ఉంది. అదేనా?


పాత ఉద్యానం | అనంతపురం | జూన్ 17, రాత్రి 9:00

కావచ్చు. గంధం పండ్లు నల్లగా చిన్నగా ఉంటాయి. కోకిలలు, పిగిలి పిట్టలు తిని, గింజను ఇలాగే పంచుతాయి. ఆకుకి వాసన ఉండదు, వాసన అంతా ముదిరిన చేవలోనే. ఒక ఫోటో పెట్టండి, నిర్ధారించుకుందాం.

గంధమే అయితే తొందరపడి పీకి కుండీలోకి మార్చకండి. దాని వేళ్ళు పక్క మొక్కల వేళ్ళను పట్టుకుని వాటి నుంచి నీళ్ళు, పోషకాలు కొంత తీసుకుంటాయి. ఇప్పటికే నేరేడు వేరునో, గడ్డి వేరునో పట్టుకుని ఉండవచ్చు. దగ్గరలో నాలుగు కంది గింజలు పెట్టండి. కంది త్వరగా ఎదుగుతుంది, గంధానికి మొదటి తోడు అదే. కంది ఏపుగా పెరిగి నీడ ఎక్కువైతే కొమ్మలు తుంచుతూ ఉండండి.


పచ్చకత్తెర | హైదరాబాద్ | జూన్ 17, రాత్రి 9:20

రేపు పొద్దున వెలుగులో ఫోటో పెడతా సార్. కంది గింజలు ఇంట్లోనే ఉన్నాయి, మా ఆవిడ విత్తనానికి దాచినవి. నాలుగు అడుగుతాను.


అంటుకత్తి | కడియం | జూన్ 17, రాత్రి 9:35

ఆరు అడగండి. ఉడతలు రెండు తింటాయండి.